జొన్నగింజ కుల్లాయి

ఇది చదువుతున్న వాళ్ళలో ఎవరికైనా మూడు వారాలు దాటిన దగ్గు ఉంటే, ఇక్కడే ఆపి ముందు వెళ్ళి కళ్ళె పరీక్ష చేయించుకోండి. మిగతాది వచ్చాక చదవచ్చు. నేను ఎక్కడికీ పోను. పోతానేమోనని ఆరు నెలలు వణికిన మనిషిని, ఇవాళ ఇంత ధీమాగా ఈ మాట రాయగలగడమే నాకొక సంబరం.

మాది బోధన్. మా ఆయన రాజేశ్వర్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర గుమాస్తా. ఇంట్లో మేమిద్దరం, రెండో తరగతి చదివే మా పాప సంధ్య, మా అత్తమ్మ గంగవ్వ. నాకొచ్చిన విద్య ఒక్కటే, ఊలు అల్లడం. విద్య అని మర్యాదకు అంటున్నాను గానీ అది నాకు పిచ్చి. బస్సులో ముందు సీటులో ఎవరైనా స్వెట్టర్ వేసుకుని కూర్చుంటే వాళ్ళ వీపు మీద కుట్లు లెక్కపెడతాను. ఒకసారి బోధన్ నుంచి నిజామాబాదు దాకా ఒకాయన వీపు మీద జారిపోయిన కుట్టునే చూస్తూ కూర్చుని, దిగేటప్పుడు ఆగలేక ఆయనకు చెప్పేశాను. ఆయన జేబు తడుముకుని గబగబా దిగిపోయాడు.

నేర్పింది మా పక్క వాటాలో ఉండిన మాలతీబాయి. ఆమెది నాందేడ్ వైపు. ఆమెకు తెలుగు అంతంత మాత్రం, నాకు మరాఠీ అసలే రాదు. సూదులు నా చేతిలో పెట్టి, తన చేతులు నా చేతుల మీద వేసి, "సీదా" అని ఒక కుట్టు, "ఉల్టా" అని ఒక కుట్టు వేయించింది. సీదా వేస్తే కుట్టు నున్నగా పడుకుంటుంది. ఉల్టా వేస్తే గింజలాగా పైకి లేస్తుంది. లోకంలో ఉన్న స్వెట్టర్లన్నీ ఈ రెంటితోనే అవుతాయని తెలిసిన రోజు నాకు పొయ్యి మీద అన్నం గుర్తులేదు. మాడింది. ఆ తర్వాత కూడా చాలాసార్లు మాడింది. "ఈ ఒక్క వరుస అయిపోనీ" అని నేను అన్నానంటే గిన్నె తోమడానికి ఇసుక తెచ్చుకోవాల్సిందే అని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మొదటి స్వెట్టర్ మా ఆయనకే. ఒక చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది, రెండోది వేళ్ళు దాటి ఇంకా పోయింది. పాపం, ఆ చలికాలమంతా దాన్నే వేసుకుని కాటా దగ్గర నిలబడ్డాడు. "పొడుగు చెయ్యి చెరుకు బండ్లను ఆపనీకి పనికొస్తది" అనేవాడు.

తర్వాత చెయ్యి కుదిరింది. మా గల్లీలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసేటప్పుడు నెత్తిన నా చేతి కుల్లాయి ఉండాల్సిందే అన్నంతగా కుదిరింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఒక ఇంటిని చూసి ఇంకో ఇంటివాళ్ళు అడిగారు, అలా అదొక ఆచారమైపోయింది. బిడ్డ పుట్టగానే ఊలు దారం తీసుకుని వెళ్ళి నెత్తి చుట్టూ కొలత తీసేదాన్ని. కుల్లాయికి నేను వాడే అల్లిక ఒకటే: ఒక సీదా, ఒక ఉల్టా, తర్వాతి వరుసలో తారుమారు. గింజలు గింజలుగా లేస్తుంది కాబట్టి దానికి నేను జొన్నగింజ అని పేరు పెట్టుకున్నాను. ఆ కుల్లాయి పెట్టుకుని పెరిగిన పిల్లలు గల్లీలో గోళీలాడుతుంటే నాకు కొంచెం గర్వంగానే ఉండేది. దాచుకోవడం దేనికి!

నవంబరు, 1992

ఫ్యాక్టరీలో చెరుకు ఆడడం మొదలైందంటే బోధన్‌లో గాలి మారుతుంది. మడ్డి వాసన, పిప్పి వాసన, ఆరేసిన బట్టల మీద నల్లటి మసి. అందరికీ గొంతులు గరగరమంటాయి. నాకూ మొదలైంది. మసి అనుకున్నాను.

అప్పుడే మా ఆడబిడ్డ లతకు అయిదో నెల అని తెలిసింది. తొలిచూలు. మార్చిలో కాన్పుకు మా ఇంటికే రావాలి. ఇక నా ఆనందం అడగొద్దు. పుట్టబోయే బిడ్డకు మామూలు ఊలు వాడకూడదని, నాందేడ్ తిరిగి వెళ్ళిపోయిన మాలతీబాయికి జాబు రాయించి అసలైన గొర్రె ఊలు తెప్పించాను. మీగడ రంగు. ఆడో మగో తెలియదు కదా, అంచుకు లేత ఆకుపచ్చ. కుల్లాయి, చిన్న స్వెట్టర్, రెండు మేజోళ్ళు. లచ్చి విప్పి ఉండ చుట్టడానికి మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి రెండు చేతులకూ తగిలించేదాన్ని. పోలీసులకు లొంగిపోయిన మనిషిలాగా చేతులు ముందుకు చాపి, పేపరు చదవలేక నా వైపు చూస్తూ కూర్చునేవాడు.

దగ్గు మాత్రం పోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. అత్తమ్మ కళ్ళు నా సూదుల మీద పడ్డాయి.

"గా ఊలు నూగంత లోపటికి పోతున్నది. దగ్గు రాక ఏమొస్తది? నాలుగొద్దులు గా సూదులు పక్కకు పెట్టు బిడ్డా."

"ఊలుతోని దగ్గు రాదు అత్తమ్మా."

"నీకు అన్నీ ఎర్కనే. మల్ల గట్ల ఎందుకు దగ్గుతున్నవ్?"

అత్తమ్మ పుట్టిల్లు బాల్కొండ దగ్గర, పసుపు పండించే ఇల్లు. ఆమెకు దెబ్బ తగిలినా పసుపే, జలుబు చేసినా పసుపే, దిష్టి తగిలినా పసుపే. పాలల్లో పసుపు, మిరియాలు వేసి పొద్దునా సాయంత్రం తాగించింది. నేను గుటకలు వేసి తాగి, ఆమె అటు తిరగ్గానే దగ్గు ఆపుకుంటూ పెరట్లో కూర్చుని అల్లేదాన్ని. దగ్గు సంగతి ఎవరికైనా చెబితే సూదులు లాక్కుంటారని భయం. అదీ నేను చేసిన తప్పు. ఊలు మీద నింద పడుతుందని దగ్గును దాచుకున్నాను. ఆరు వారాలు! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఒకరోజు పొద్దున దగ్గు ఆగక రుమాలు అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే ఎర్రటి చార. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను మొదట చూసుకుంది ఒళ్ళోని కుల్లాయిని. దాని మీద పడలేదు కదా అని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాను. పడలేదు. అప్పుడు మళ్ళీ రుమాలు వైపు చూశాను, మా ఆయన్ని పిలిచాను.

డిసెంబరు

నిజామాబాదు దవాఖానాలో మూడు రోజులు తిరిగాం. కళ్ళె ఇవ్వడానికి ఒక రోజు, ఎక్స్‌రేకు ఒక రోజు, డాక్టరుకు చూపించడానికి ఒక రోజు. వరండాలో పొడుగాటి బల్ల. దాని మీద కూర్చున్న వాళ్ళందరం దగ్గుతున్నాం, ఒకరు ఆపగానే ఒకరు అందుకుంటున్నారు. మా ఆయన నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే వద్దన్నాడు. ఆయనకు భయమేసిందని నాకు అర్థమైంది, కోపం రాలేదు. నాకు కూడా అక్కడినుంచి లేచి పారిపోవాలనే ఉంది.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, "టీబీ ఉన్నదమ్మా. ఆరు నెలలు రోజూ మందు మింగాలె. మింగితే పోతది" అంది.

నేను నవ్వాను. నిజంగా! మా ఆయన నా మొహం చూసి కంగారు పడ్డాడు. నాకు ఆ క్షణంలో తోచింది ఒక్కటే: ఊలుది తప్పు కాదు. బస్టాండుకు నడుస్తున్నప్పుడు గానీ ఆ జబ్బు పేరు నెత్తికెక్కలేదు. అప్పుడు రోడ్డు పక్క నిలబడి ఏడ్చాను.

అంతకుముందు, గదిలోంచి లేచేటప్పుడు డాక్టరమ్మను ఒక మాట అడిగాను. "నేను అల్లిన బట్ట పసిపిల్లకు వెయ్యచ్చునా మేడం?"

ఆమె కొంచెం ఆశ్చర్యంగా చూసింది. "బట్టలతోని, గిన్నెలతోని రాదు. దగ్గితే గాలితోని వస్తది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకో, కొన్ని వారాలు పిల్లలకు దూరంగా పండుకో. మందు మంచిగ పడితే అంటుకునుడు ఆగిపోతది. నేను చెప్తా, అప్పుడు ఎత్తుకో."

ఆ మాట నేను జపంలా గుర్తుపెట్టుకున్నాను. ఇంట్లో చెబితే మా ఆయన నమ్మాడు. అత్తమ్మ వినలేదు. "డాక్టర్లు గట్లనే అంటరు" అంది.

మందు తీసుకునే వరసలో నా ముందు ఒక నడివయసు ఆవిడ నిలబడి ఉంది, పేరు ఎల్లవ్వ. బీడీలు చుట్టే మనిషి. వరస కదలకపోతే గోడ పక్కన చతికిలబడి, చాట ఒళ్ళో పెట్టుకుని, ఆకు కత్తిరించుకుంటూ కూర్చుంది. ఆమెను చూసి నాకు ధైర్యం వచ్చి సంచిలోంచి సూదులు తీశాను. ఇద్దరం పక్కపక్కనే. ఆమె బీడీకి దారం చుట్టే వేగం చూసి నా చేతులు ఆగిపోయాయి.

"ఏం సూస్తున్నవ్ బిడ్డా? నువ్వు దారంతోనే అంత పెద్ద అంగి చేస్తున్నవ్. నాది గింతే, మూడు సుట్లు" అంది.

తర్వాత నా మందుల పొట్లం వైపు చూపించి గొంతు తగ్గించింది. "ఒక్క మాట యాది పెట్టుకో. రెండు నెలలకు మంచిగైనట్టు కొడ్తది. ఆకలైతది, పానం లేశొస్తది. ఇంక గోలీలెందుకని ఇడిశిపెట్టబుద్ధైతది. నేను గట్లనే ఇడిశిపెట్టిన. మల్ల తిరగబెట్టింది. నిరుడు ఖతమై పోవాల్సినది, ఇగో ఈ ఏడు మల్ల మొదటికెళ్ళి మింగుతున్న."

నేను తలూపాను. అలాంటి తెలివితక్కువ పని నేనెందుకు చేస్తానని మనసులో అనుకున్నాను.

జనవరి

ముందు గదిలో మంచం వేశారు. నా పళ్ళెం, నా గ్లాసు, నా చెంబు వేరు. సంధ్య నాయినమ్మ దగ్గర పడుకునేది. నేను గుమ్మంలో కూర్చుంటే అది నడవ చివర కూర్చుని బడి కబుర్లు చెప్పేది. ఒంటికి పోస్తే ఎర్రగా వచ్చేది, మందులవల్లేనని చెప్పినా మొదటిరోజు గుండె ఆగినంత పనైంది. గుప్పెడు గోలీలు మింగాక కడుపులో తిప్పేది. ఆ తిప్పుట్లో కూడా చేతులు ఊరుకోలేదు. జొన్నగింజకు చూపు అక్కర్లేదు, వేళ్ళే చూసుకుంటాయి.

నిజం చెప్పాలంటే చావు భయం రోజూ ఉండేది కాదు. అప్పుడప్పుడు వచ్చి పోయేది. రోజూ ఉన్న భయం వేరు. నా చేతి కుల్లాయి ఇక ఏ బిడ్డ నెత్తినా ఎక్కదేమో, ఇక ఎవరూ నా ఒళ్ళో బిడ్డను పెట్టరేమో అని. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు అదే పెద్ద భయం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. నాలుగిళ్ళ అవతల సరోజకు బిడ్డ పుట్టింది. తొట్టెల పిలుపుకు వచ్చి ఆమె మా గేటు దగ్గరే నిలబడింది. "వదినె, మీకు తబియత్ మంచిగలేదు గదా. రాకున్నా ఏమనుకోం" అంది. కుల్లాయి మాట ఎత్తలేదు. తర్వాత వాళ్ళ బిడ్డను ఎండకు పట్టుకుని కూర్చున్నప్పుడు దూరం నుంచి చూశాను. బజార్లో కొన్న గులాబీ రంగు నైలాన్ టోపీ, చెవుల మీద నిలవక జారిపోతోంది. సరోజ మీద కోపం కంటే ఆ చెవుల మీద జాలి ఎక్కువ కలిగింది. ఆమె స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

ఇక లత కాన్పు సంగతి. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. పుట్టింట్లో నేనున్నాను, దగ్గుతూ. అత్తమ్మకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఒకరోజు మధ్యాహ్నం అన్నం దగ్గర నేనే అన్నాను, "నేను చందూరుకు మా అమ్మ దగ్గరికి పోత. లతను ఇక్కడికి తెచ్చుకోండ్రి."

మా ఆయన ముద్ద కింద పెట్టాడు. "నువ్వెందుకు పోతవ్? మందులు ఎవరు చూస్తరు ఆడ?"

అత్తమ్మ పళ్ళెంలో చెయ్యి కడుక్కుని, "ఆమె ఏడికీ పోదు. నేనే పోత" అంది. "లతను మా అన్న ఇంటికి తీస్కపోత. ఆడ్నే కాన్పు చేస్త."

ఆ మాటలో ఎంత మంచితనం ఉందో ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు మాత్రం నాకు వినబడింది ఒక్కటే: నా నుంచి పారిపోతోంది. ట్రంకు పెట్టె సర్దుకుంటున్న ఆమె వెనుక నిలబడి, తెల్లటి గుడ్డలో చుట్టిన కుల్లాయి, స్వెట్టర్, మేజోళ్ళు గుమ్మం లోపల నేల మీద పెట్టాను. చేతికి ఇవ్వడానికి ధైర్యం చాలలేదు.

"చల్లనీళ్ళల్ల ఉతికిన అత్తమ్మా. మూడు దినాలు ఎండల పెట్టిన. తొట్టెల నాడు వెయ్యుండ్రి."

ఆమె మూటను చూసింది. వంగి తీసుకుని పెట్టెలో అన్నిటికంటే అడుగున పెట్టింది. అడుగున ఎందుకు పెట్టిందా అని నేను వారం రోజులు ఆలోచించాను.

అత్తమ్మ పోయాక ఇల్లు మా ఆయన చేతికొచ్చింది. సంధ్యకు జడ వేయడం ఆయనకు రాదు. ఒకటి చెవి పైన, ఒకటి మెడ దగ్గర. గుమ్మంలోంచి నేను చెబుతుంటే "మూడు పాయలు చెయ్యాలె, కుడిది మీదికి, ఎడమది మీదికి" అని తనలో తాను అనుకుంటూ వేసేవాడు. నాకు సీదా, ఉల్టా నేర్చుకున్న రోజులు గుర్తొచ్చేవి.

మార్చి

లతకు కొడుకు పుట్టాడని కబురొచ్చింది. అప్పటికి డాక్టరమ్మ నా కళ్ళెలో పురుగు లేదని, పిల్లను దగ్గర పడుకోబెట్టుకోవచ్చని చెప్పింది. సంధ్య నా పక్కలోకి వచ్చేసింది. కాని తొట్టెలకు రమ్మని అత్తమ్మ నుంచి మాట రాలేదు. మా ఆయన ఒక్కడే వెళ్ళి మర్నాడు వచ్చాడు.

"కుల్ల మంచిగుందా? పెట్టిండ్రా?"

"పెట్టిండ్రు."

"చెవులు మూసిందా?"

"ఆఁ, మూసింది."

"అంచు ఏం రంగుల కనబడ్డది ఎండకు?"

ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ ఆగిపోయాడు. "పసుపు" అన్నాడు.

నేను ఆకుపచ్చ అంచు వేశాను. "నిజం చెప్పుండ్రి" అన్నాను.

చెప్పాడు. ఆ నెలలో అక్కడ ఊరంతా పసుపు ఉడకబెడతారు. పెద్ద పెద్ద ఇనుప కడాయిలు, కింద మంట, పైన కొమ్ముల మీద తడి గోనెసంచి కప్పి గంటలకు గంటలు ఉడికిస్తారు. అత్తమ్మ నా మూట తీసుకెళ్ళి ఆ కడాయిలో, పసుపుకొమ్ములతో పాటు వేసి ఉడకబెట్టింది. ఏ రోగమున్నా చావాలని.

ఊలు సంగతి తెలియని వాళ్ళకు చెబుతాను. గొర్రె ఊలును మరిగే నీళ్ళలో వేస్తే పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ముడుచుకుపోతాయి. గుడ్డ సగానికి సగం కుంచించుకుపోయి అట్టలాగా అవుతుంది. ఇక దాన్ని విప్పలేరు, సాగదీయలేరు. చవక నైలాన్ ఊలు కొని ఉంటే ఆ కడాయిలోంచి నవ్వుకుంటూ బయటికొచ్చేది. బిడ్డకు మంచిది కావాలని నేనే అసలు ఊలు తెప్పించాను. గల్లీలో ఆడవాళ్ళందరికీ "వేడినీళ్ళు తగలొద్దు" అని పదిసార్లు చెప్పే నేను, ఇంట్లో ఉన్న అత్తమ్మకు ఏనాడూ చెప్పలేదు. ఆమె ఎప్పుడూ ఉతకలేదు కదా.

టీబీ అన్న రోజున కూడా నేనంత ఏడవలేదు. అసలే గల్లీలో సరోజ సంగతి, ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటు. మా ఆయన "అవ్వకు తెల్వక చేసింది" అన్నకొద్దీ నాకు మండింది. తెలియక కాదు, అసహ్యించుకుని చేసిందని నేను తీర్మానం చేసుకున్నాను. సూదులు పెట్టెలో పడేశాను. వాటితో పాటు గోలీలు కూడా మానేశాను. ఎవరికోసం మింగాలి? ఆకలి వేస్తోంది, దగ్గు లేదు, ఒళ్ళు చేసింది. ఎల్లవ్వ చెప్పింది పూర్తిగా మర్చిపోయి, అచ్చం ఎల్లవ్వ చేసిందే చేశాను. అయిదు రోజులు.

ఆరో రోజు మందులు తెచ్చుకునే తేదీ. గోలీలు మానేసిన సంగతి మా ఆయనకు తెలియకూడదని వెళ్ళాను. గోడ పక్కన ఎల్లవ్వ చాటతో కూర్చుని ఉంది. నా చేతులు ఖాళీగా ఉండడం ఆమే మొదట కనిపెట్టింది. "సూదులేవి?" అంది. అంతే, ఆపుకోలేక మొత్తం చెప్పేశాను, గోలీల సంగతితో సహా.

గోలీల మాట రాగానే నా చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది. "సిగ్గు లేదా నీకు? సదువుకున్నదానివి! నడువు, ముందు డాక్టరమ్మకు చెప్దాం." లాక్కుపోయి నాతోనే చెప్పించింది. డాక్టరమ్మ తిట్టింది, మళ్ళీ మొదలుపెట్టించింది. బయటికి వచ్చాక ఎల్లవ్వ చాట ఒళ్ళోకి లాక్కుంటూ నెమ్మదిగా అడిగింది.

"మీ అత్త గా కుల్లను ఏం చేసిందంటివి?"

"ఉడకబెట్టింది."

"పారెయ్యలే?"

"లేదు."

"కాలువల ఎయ్యలే? పొయ్యిల పెట్టలే?"

"లేదు."

"పారేశేదుంటే ఎవలన్న ఉడకబెడ్తరా బిడ్డా? పోరనికి తొడుగుదామని ఉడకబెట్టింది." ఆమె ఆకు మడిచి దారం చుట్టింది. "నా కోడలైతే నేను పండుకున్న గొంగడి ఇంటెనక కాలవెట్టింది. నువ్వు నసీబున్నదానివి."

బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ, ట్రంకు పెట్టెలో అన్నిటికంటే అడుగున, పట్టుచీర పెట్టుకునే చోట పెట్టిన ఆ మూటే కళ్ళముందు కదిలింది.

ఇంటికి రాగానే సూదులు తీశాను. మిగిలిన మీగడ రంగు ఊలుతో, పెద్దవాళ్ళ కొలతకు, చెవులు కప్పే కుల్లాయి మొదలుపెట్టాను. తర్వాతి నెల తీసుకెళ్ళి ఎల్లవ్వ చాటలో పెట్టాను. అది ఏప్రిల్, ఎండ మండిపోతోంది. ఎల్లవ్వ కుల్లాయి తీసి చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నెత్తికి పెట్టుకుంది. వరసలో జనం నవ్వారు. "నవ్వుండ్రి నవ్వుండ్రి, చలికాలం వస్తది గదా" అని అలాగే కూర్చుని బీడీలు చుట్టింది. నా పేరు పిలిచేదాకా తియ్యలేదు.

జూన్

నా గోలీలు అయిపోయాయి. చివరి కళ్ళె పరీక్ష బాగుంది. డాక్టరమ్మ కార్డు మీద ఏదో గీసి, "ఇంక రాకు" అంది. అంత మంచి మాట నాతో ఎవరూ అనలేదు. ఎల్లవ్వకు ఇంకా రెండు నెలలుంది. "పో బిడ్డా, ఎన్కకు సూడకు" అంది. చూశాను.

మొదటి వాన పడిన వారానికి అత్తమ్మ వచ్చింది. లతను అత్తారింటికి పంపే ముందు నాలుగు రోజులు మా ఇంట్లో ఉంచుదామని బిడ్డతో సహా తీసుకొచ్చింది. రిక్షా దిగుతుంటే నేను గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. ఆరు నెలల అలవాటు, కాళ్ళు ముందుకు పడలేదు. కొంగు నోటికి దానంతట అదే వచ్చింది.

లత లోపలికి వచ్చి కూర్చుంది. అత్తమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చి, ట్రంకు పెట్టె తెరిచి, అడుగు నుంచి తెల్లటి గుడ్డ మూట తీసింది. విప్పింది. పసుపు ముద్దలాంటి కుల్లాయి, అరచేతిలో పట్టేంత. స్వెట్టర్ గట్టిపడి తనంతట తానే నిలబడుతోంది. నా జొన్నగింజలు ఒక్కటి కనబడలేదు. కుల్లాయి అంచు పొడుగునా పిన్నీసుతో గుచ్చిన గుర్తులు.

"ఇప్పి మల్ల నీకు ఊలు చేసిద్దామని సూశిన" అంది అత్తమ్మ, నా మొహం చూడకుండా. "పోగు దొరుకుతలేదు. నెల దినాలు సూశిన."

"దొరకదు అత్తమ్మా. ఉడికితే ఇంక ఇడదు."

"నాకేమెర్క? గొంగడి వానకు తడుస్తది, బురదల పడ్తది, దానికేమైతది? ఇది సుత గొర్రె బొచ్చే గదా అనుకున్న." ఆమె కుల్లాయి అంచును వేలితో రాసింది. "దగ్గుకుంట, మందులు మింగుకుంట అల్లితివి. నేను ఒక్క పూటల కరాబు చేసిన."

లత మధ్యలో అందుకుంది. "వదినె, తొట్టెల నాడు బజార్ల కుల్ల తెస్తమంటే అవ్వ ఒప్పుకోలే. మెత్తటి పాత చీర చింపి నెత్తికి గట్టింది. ఎవలడిగినా 'మా కోడలు అల్లుతది, ఆగుండ్రి' అన్నది. వీనికి ఇప్పటిదాకా కుల్ల పెట్టలే."

ఆ గట్టి పసుపు ముద్దను చేతిలోకి తీసుకున్నాను. ఇంకా పసుపు వాసన వేస్తోంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ దగ్గులాగే ఆపుకోవడం అలవాటైన మనిషిని కదా, ఈసారి ఆపుకోలేదు.

అప్పుడు అత్తమ్మ లత ఒళ్ళోంచి బిడ్డను ఎత్తుకుంది. నా దగ్గరికి వచ్చింది. నేను వెనక్కి జరగబోయాను. ఆమె నా నోటికి అడ్డంగా ఉన్న కొంగును తన చేత్తో తీసేసి, బిడ్డను నా ఒళ్ళో పెట్టింది. వాడు బరువుగా, వెచ్చగా ఉన్నాడు. నా సూదుల సంచి వైపు చెయ్యి చాపాడు.

"దారం తియ్యి" అంది అత్తమ్మ. "వీని నెత్తి కొలత తీస్కో. చలి దినాలొస్తే కావాలె."

ఊలు దారం వాడి నెత్తి చుట్టూ తిప్పి ముడి వేస్తే తప్పు వచ్చింది, విప్పి మళ్ళీ తీశాను. అత్తమ్మ పక్కనే కూర్చుని, ముడి సరిగ్గా పడిందో లేదో వంగి చూసింది.

"ఈసారి ఉడకబెట్టను తీ" అంది.